కానుక గది పెట్టె

వానకు ముందు, పన్నెండో రోజు

ఈ రోజు చిట్టాలో ఎక్కించినవి: ఇనుప మంచాలు పద్నాలుగు, నీళ్ళ గొట్టాలు మూడు కట్టలు, చక్రాలు ఊడిన కుర్చీ ఒకటి, మూత ఉన్న ఉక్కు పెట్టె ఒకటి.

కొండ వెనక పాత ఆసుపత్రి తలుపులు పొద్దున్నే తెరిచాం. ఎనభై ఏళ్ళుగా అందులో ఎవరూ అడుగు పెట్టలేదని సంఘపెద్ద యోబు గారు చెప్పారు. గడప దగ్గర నిలబడి నేను కళ్ళు మూసుకున్నాను. ఆ గదుల్లో ఎంతమంది కన్ను మూశారో, ఎంతమంది కోలుకుని ఇంటికి నడిచి వెళ్ళారో మనకు తెలియదు. వాళ్ళందరినీ ఒకసారి తలుచుకుని లోపలికి వెళ్ళడం మర్యాద అనిపించింది. నా వెనక మంగతాయి గునపం పట్టుకుని నిలబడింది. మేకలు కాచుకునే మనిషి, బరువులు ఎత్తడానికి మాతో వస్తుంది. ఆమెది మా సంఘం కాదు.

"వదినా, నీ ప్రార్థన అయ్యేలోపు లోపలున్న గబ్బిలాలు కూడా రక్షణ పొందేస్తాయి. పద, ఎండెక్కుతోంది" అంది.

మా ఎగువ నుంచి దిగువకు వెళ్ళే తీగబండి తీగ అరిగిపోతోంది. ప్రతి ఊరూ పాత ఉక్కు ఏరి పంపితే, దిగువలో కరిగించి కొత్త తీగ పేనుతారు. దొరికిన ప్రతి వస్తువుకూ నేను నాలుగు సంగతులు రాయాలి. పేరు, లోహం, బరువు, ఉపయోగం. ఈ కాలంలో ఫలానా పనికి వస్తుందని రాయగలిగితే ఊళ్ళో ఉంటుంది. రాయలేకపోతే కొలిమికి వెళుతుంది. ఆరాధన వస్తువుల జోలికి మాత్రం ఎవరూ రారు. నేను పదో తరగతి దాకా చదువుకున్నాను. చేతి రాత చదవగలిగినవాళ్ళు ఊళ్ళో నలుగురమే మిగిలాం, మిగతావాళ్ళకు యంత్రాలే చదివి పెడతాయి. అందుకని ఈ పుస్తకం నా చేతికి వచ్చింది.

ఉక్కు పెట్టెకు తుప్పు పట్టలేదు. మూత తియ్యగానే మెరుపు కళ్ళలో పడింది. చిక్కుడు గింజ ఆకారంలో రెండు పళ్ళేలు ఉన్నాయి. వంకర కత్తెరలు రెండు. రెండు పెద్ద గరిటెలను ఎదురెదురుగా పెట్టి మధ్యలో బిగించినట్టున్న పట్టకారు ఒకటి. జానెడు పొడవున బాకా ఒకటి, ఒక వైపు గిన్నెలా వెడల్పుగా, రెండో వైపు బిళ్ళలా చదునుగా ఉంది. ఊదితే గాలి తప్ప శబ్దం రాలేదు. మూత మీద నల్ల రంగుతో రాసిన అక్షరాలు చాలావరకు చెరిగిపోయాయి. "కాను" వరకు కనబడింది, తరువాతి అక్షరం లేదు, ఆ తరువాత "గది" అని ఉంది.

కానుక గది. నాకు వేరే మాట తట్టలేదు. ఆ ఆసుపత్రి మిషను వాళ్ళు కట్టింది. గోడల మీద శిలువ గుర్తులు ఇంకా ఉన్నాయి. రోగులు తెచ్చిన కానుకలు దాచే గది ఒకటి ఉండేదని, ఇవి ఆ గదిలోని పాత్రలని అనుకున్నాను. ఉపయోగం అన్న చోట "ఆరాధన" అని రాశాను.

వానకు ముందు, ఎనిమిదో రోజు

నాలుగు రోజులు బూడిదతో తోమాం. ఈ ఆదివారం మందిరంలో ఆ పాత్రలను బల్ల మీద పెట్టి యోబు గారు ప్రార్థన చేసి ప్రతిష్ఠించారు. చిక్కుడు గింజ పళ్ళేల్లో కానుక బియ్యం పట్టారు. బాకాను తలకిందులు చేసి వెడల్పు వైపు కింద పెడితే నిలబడింది. చదును వైపు కొవ్వొత్తి అతికించాం. పెద్ద గరిటెల పట్టకారుతో యోబు గారు రొట్టె ముక్కలు తీసి ఒక్కొక్కరికీ అందించారు. ఎంతో ఒద్దికగా చేశారు. ఆయనకు డెబ్బై రెండేళ్ళు, చేతులు వణుకుతాయి, ఆ పట్టకారుతో మాత్రం ఒక్క ముక్క జారలేదు. మందిరానికి ఇంత అందం వచ్చిందని అందరూ నన్ను మెచ్చుకున్నారు. నాకు సంతోషంగా అనిపించింది. అది దాచుకోను.

సలోమి కూడా వచ్చింది. మా పక్కింటి పిల్ల, ఎనిమిదో నెల నిండుతోంది. మా ఊళ్ళో నెలలు నిండిన వాళ్ళు పదిహేను రోజుల ముందే తీగబండి ఎక్కి దిగువ కేంద్రానికి వెళతారు. అక్కడ నిద్రపుచ్చుతారు, లేచేసరికి బిడ్డ పక్కన ఉంటుంది. అందుకే మేం ఆ పనిని దిగడం అంటాం. నేను ఇద్దరికి దిగాను. ఎప్పుడు దిగుతున్నావని సలోమిని అడిగితే, ఇంకా పద్దెనిమిది రోజులుందని చెప్పింది. మెడలో బిళ్ళ పచ్చగా వెలుగుతోంది. ఆ బిళ్ళ కడుపులో బిడ్డను చూసుకుంటుంది, కేంద్రంతో మాట్లాడుతుంది. పచ్చగా ఉంటే అంతా క్షేమం. ఎర్రబడితే వెంటనే దిగాలి.

వాన, మూడో రోజు

ఈసారి వాన మేం లెక్క కట్టుకున్న దానికంటే ఒకటి రెండు రోజులు ముందే వచ్చింది. వచ్చినది ఆగడం లేదు. నిన్న పిడుగు పడి శిఖరం మీది స్తంభం కూలింది. దిగువతో మాట ఆగిపోయింది. తీగబండి మూడో మలుపు దగ్గర కొండచరియ జారి తీగ మీద పడింది. బండి నడవదు. కాలిబాట కూడా అక్కడే తెగింది.

మందిరం కప్పు కారుతోంది. పాత్రలన్నీ తీసి పెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చుకున్నాను. బాకాను మాత్రం తీసుకురాలేదు. కొవ్వొత్తి గట్టిగా అతుక్కుపోయింది, కదిపితే మైనం పెళ్ళలుగా ఊడుతుందని బల్ల మీదే వదిలేశాను.

వాన, ఆరో రోజు

ఈ రోజు జరిగింది రాయడానికి రెండుసార్లు కలం తీసి రెండుసార్లు పెట్టేశాను.

పెట్టె మూత లోపల అతికించిన గుడ్డకు బూజు పట్టింది. తుడుస్తుంటే గుడ్డ ఊడి వచ్చింది. దాని వెనక ఒక కాగితం. ఎవరో నర్సు రాసుకున్నట్టుంది, అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి. పైన "కానుపు గది, పెట్టె నంబరు రెండు" అని ఉంది.

కానుపు. చిన్నప్పుడు మా నాయనమ్మ నోట విన్న మాట అది. తన ఆరో కానుపు జొన్న చేలో అయిందని చెప్పేది. నలభై ఏళ్ళుగా ఆ మాట నా చెవిన పడలేదు. చెరిగిపోయిన ఆ ఒక్క అక్షరం చోట నేను నాకు తెలిసిన అక్షరం పెట్టుకున్నాను.

కాగితంలో ఇలా ఉంది: "బాకా వెడల్పు వైపు పొట్ట మీద, చదును వైపు చెవికి. పాప వీపు ఎటు ఉందో తడిమి చూసి అక్కడ పెట్టాలి. పెట్టాక బాకా మీంచి చెయ్యి తీసెయ్యాలి. తల్లి నాడి పట్టుకుని వినాలి, అది వేరు, ఇది వేరు. పాప గుండె నిమిషానికి నూట ఇరవై నుంచి నూట అరవై దాకా మంచిది. కత్తెర ఇరవై నిమిషాలు మరిగించాలి. బొడ్డు రెండు చోట్ల కట్టి మధ్యలో కత్తిరించాలి. పెద్ద పట్టకారు డాక్టరమ్మ తప్ప ఎవరూ ముట్టకూడదు."

పెద్ద పట్టకారుతో యోబు గారు రొట్టె పంచారు.

మధ్యాహ్నం మంగతాయి వస్తే కాగితం చదివి వినిపించాను. ముందు నవ్వింది. తరువాత నా ముఖం చూసి ఆపింది. సంఘంలో చెప్పేయమంది. చెప్పలేనన్నాను. సిగ్గు ఒకటి, దానికంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. ఇవి ఆరాధన వస్తువులు కావని నేను రాసిన రోజు నుంచి వీటికి కాపుదల ఉండదు. ఎగువలో కానుపులు లేవు, కాబట్టి వీటికి ఉపయోగం కూడా లేదు. తరువాతి బండిలో కొలిమికి వెళతాయి. ఆ గుండ్రటి అక్షరాల మనిషి అంత జాగ్రత్తగా దాచుకున్నవాటిని నా చేతులతో పంపాలి. పంపకుండా ఉండాలంటే తప్పు అని తెలిసిన మాటను పుస్తకంలో అలాగే ఉంచాలి.

దేవా, ఏది చెయ్యను అని అడిగాను. వాన పడుతూనే ఉంది.

వాన, తొమ్మిదో రోజు

పొద్దున సలోమి బిళ్ళ ఎర్రబడింది.

ఆమె భర్త ఆమోసు తడిసిన బట్టలతోనే మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. రాత్రి నుంచి బిడ్డ సరిగా కదలడం లేదని సలోమి అంటోందట. మేం వెళ్ళేసరికి ఆమె మంచం మీద ఒక పక్కకు తిరిగి పడుకుని బిళ్ళను గుప్పిట్లో దాచుకుని ఉంది, చూడటానికి ధైర్యం చాలక. వేళ్ళ సందుల్లోంచి ఎరుపు కనబడుతోంది.

ఎర్రబడితే దిగాలి. తీగబండి లేదు. ఎనిమిది మంది మగవాళ్ళు డోలీ కట్టడం మొదలుపెట్టారు. తెగిన బాట మీదుగా, జారే మట్టిలో, రెండు రోజులు మొయ్యాలి. నిన్న ఆ మట్టి మీద దాటబోయి మంగతాయి మేక ఒకటి లోయలో పడింది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. బయలుదేరేముందు ప్రార్థనకు అందరం మందిరంలో చేరాం.

యోబు గారు కళ్ళు మూసుకోబోతున్నారు. బల్ల మీద బాకా కనబడుతోంది, దాని మీద కొవ్వొత్తి వెలుగుతోంది. మందిరంలో నేను ఏనాడూ లేచి నిలబడి మాట్లాడలేదు. పాటలో కూడా నా గొంతు నాకే వినబడదు. ఈ రోజు లేచాను. ఆ పెట్టె కానుక గదిది కాదని, కానుపు గదిదని, నేను తప్పు చదివానని, మూడు రోజులుగా తెలిసి కూడా దాచానని చెప్పాను. ఆ బాకాతో లోపలి బిడ్డ గుండె వినవచ్చట, అది కావాలని అడిగాను.

వెనక వరసలో ఒకావిడ, అయితే మేం ఆ పళ్ళేల్లో బియ్యం పట్టింది తప్పేనా అని పక్కావిడని అడగడం వినబడింది.

యోబు గారు నా వైపు బాధగా చూశారు. "బల్ల మీద పెట్టి దేవుడికిచ్చింది మళ్ళీ కిందికి దించకూడదమ్మా సంపూర్ణమ్మా. రక్తం, మైల అంటుకునే పనికి దాన్నెలా ఇస్తాను? నేనే కదా ప్రార్థన చేసి పెట్టాను. ఆ ప్రార్థన ఏమైనట్టు?"

"మీ ప్రార్థన ఎక్కడికీ పోలేదండి" అన్నాను. "అక్షరం నేను తప్పు చదివాను. పైనున్న ఆయన మాత్రం సరిగ్గానే చదువుకుని ఉంటారు."

ఆయన వంగి కొవ్వొత్తిని ఊది ఆర్పారు. వేళ్ళ గోళ్ళతో మైనం ఒలిచి, తన పై కండువాతో బాకాను లోపలా బయటా తుడిచి, రెండు చేతులతో నాకిచ్చారు. తన కీ ఇచ్చే గడియారం కూడా తీసుకుని నా వెంట సలోమి ఇంటికి వచ్చారు.

సలోమి పొట్టను తడిమి చూశాను. మేకల్ని తడిమిన చెయ్యి కాబట్టి సలోమి పక్కనే ఉండిపోయిన మంగతాయి నా కంటే ముందే ఎడమ వైపు బిడ్డ వీపు పట్టుకుంది. అక్కడ పెట్టి చెవి ఆనించి చెయ్యి తీసేశాను. యోబు గారు మర్యాదకు గోడ వైపు తిరిగి గడియారం చూస్తూ నిలబడ్డారు. మొదట నా చెవిలో హోరు తప్ప ఏమీ వినబడలేదు. ఆమె మణికట్టు పట్టుకుంటే నాడి ఆదుర్దాగా కొట్టుకుంటోంది. ఆ తరువాత దాని కింద, చాలా కింద, ఇంకేదో వినబడింది. దిండు కింద పెట్టిన గడియారంలా. తల్లి నాడితో దానికి సంబంధం లేదు. దాని నడక దానిది.

నేను వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాను. నిమిషమైందని యోబు గారు చెప్పారు. నూట ముప్పై ఎనిమిది. మళ్ళీ విన్నాను. నూట నలభై.

బాగుందని చెప్పాను. సలోమి గుప్పిట తెరిచి చూసుకుంది. బిళ్ళ ఇంకా ఎర్రగానే ఉంది.

ఆమోసు గుమ్మంలో డోలీ తాడు పట్టుకుని నిలబడ్డాడు. మంచి పిల్లాడు, ఎదురు చెప్పేవాడు కాదు. "పెద్దమ్మా, నువ్వు బాగుందంటన్నావు, బిళ్ళ బాలేదంటంది" అన్నాడు. "అది వందమంది డాక్టర్లు చేసిన వస్తువు. ఇది నిన్నటిదాకా కొవ్వొత్తి స్టాండు. నన్నేం చెయ్యమంటావు?"

నాకూ తెలియదన్నాను. అది నిజం. బిళ్ళ ఎందుకు ఎర్రబడిందో నాకు తెలియదు, నాకు వినబడింది మాత్రం తెలుసు. బాకా అతనికి ఇచ్చి, ఎవరి మాటా నమ్మొద్దు, నువ్వే విను అని చెప్పాను. అతను మోకాళ్ళ మీద కూర్చుని చెవి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. సలోమి అతని తడి జుట్టులో వేళ్ళు పెట్టి, ఏమైనా వినబడుతోందా లేక నిద్రపోయావా అని అడిగింది. అతను లేచి, బయటికి వెళ్ళి, డోలీ ముళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.

సాయంత్రం బిడ్డ రెండుసార్లు తన్నిందని సలోమి కబురు పంపింది. చీకటి పడేలోపు నేను ఇంకో రెండుసార్లు వెళ్ళి విన్నాను. నేను విన్నది తప్పైతే ఆ ఇంట్లో దీపం నా చేతుల మీద ఆరుతుంది. ప్రార్థనలో వేరే మాటలేవీ రావడం లేదు.

వాన, పదిహేనో రోజు

ఈ రోజు పొద్దున ఎనిమిదింటికి సలోమికి నొప్పులు మొదలయ్యాయి. లెక్క ప్రకారం ఇంకా పది, పన్నెండు రోజులుండాలి.

మేమంతా నిద్రలో కన్నవాళ్ళం. మెలకువగా ఉన్న ఆడదాని నోటి నుంచి ఆ కేక వచ్చినప్పుడు గుమ్మంలో ఉన్న ఐదుగురు తల్లులు భయంతో వెనక్కి జరిగారు. మంగతాయి ఒక్కతే భయపడలేదు. ముప్పై ఏళ్ళుగా ప్రతి చలికాలం ఆమె చేతుల మీద మేకలు ఈనుతున్నాయి. సలోమిని మంచం మీంచి దింపి, కిటికీ ఊచలు పట్టుకుని కూర్చోమంది. పడుకోబెట్టి నీళ్ళు కొండెక్కమంటే ఎక్కుతాయా అంది. నన్ను కత్తెర మరిగించమంది. కాగితంలో ఉన్నట్టే ఇరవై నిమిషాలు గడియారం చూసి మరిగించాను. బొడ్డు కట్టడానికి నూలు దారం కూడా అందులోనే వేశాను.

నొప్పికీ నొప్పికీ మధ్య విన్నాను. ఒకసారి వంద కిందికి జారింది. నా ముఖం చూసి మంగతాయి ఏమీ అడగకుండా సలోమిని కాసేపు ఎడమ పక్కకు వాల్చింది. మళ్ళీ విన్నాను. నూట పన్నెండు. నూట ఇరవై ఆరు.

"నాకు నిద్ర రావట్లేదు పెద్దమ్మా" అంది సలోమి, చెమటల్లో. కేంద్రంలోలాగా నిద్ర వస్తుందని, అప్పుడు పని అయిపోతుందని ఆ పిల్ల అంతసేపూ ఎదురుచూస్తోంది.

"రాదమ్మా. ఈసారి నువ్వే ఉండాలి."

"నీ బిడ్డకు కొమ్ములు లేవు, అదృష్టవంతురాలివి" అంది మంగతాయి. ఆ పరిస్థితిలో సలోమి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే మళ్ళీ నొప్పి వచ్చింది.

పన్నెండున్నరకు ఆడపిల్ల పుట్టింది. మొదట నీలంగా, మెత్తగా, చప్పుడు లేకుండా ఉంది. మంగతాయి పాప నోట్లో వేలు పెట్టి జిగురు తీసి, గుడ్డతో వీపు గట్టిగా రుద్దింది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను, ఎందుకో తెలియదు. పదకొండు దగ్గర ఏడ్చింది. రెండు చోట్ల కట్టి మధ్యలో కత్తిరించాను. కత్తెర ఎంత పదునుగా ఉందంటే నా చేతికి తెగినట్టే తెలియలేదు. మాయ పడిందాకా మంగతాయి లేవలేదు, నెత్తురు తగ్గిందాకా సలోమి పొట్ట నిమురుతూనే ఉంది.

గుమ్మంలో ఉన్న తల్లులు ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. తమ పిల్లలు ఎలా వచ్చారో వాళ్ళు మొదటిసారి చూస్తున్నారు. ఒకావిడ గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చింది. ఆవిడ పెద్ద కొడుక్కి ఇరవై ఏళ్ళు.

యోబు గారు వరండాలో పాట ఎత్తుకున్నారు. నేనూ అందుకున్నాను.

వాన వెలిశాక, ఐదో రోజు

తీగ బాగు చేశారు. మొదటి బండిలోనే కేంద్రం నుంచి వినీల వచ్చింది. ఉక్కు తూకానికీ, బిళ్ళల తనిఖీకీ ఆమే అధికారి. ముప్పై ఏళ్ళుంటాయి. చేతిలో తెర, మెడలో పచ్చటి బిళ్ళ, ఆరో నెల పొట్ట. మందిరం వరండాలో కాటా పెట్టించింది.

బిళ్ళ సంగతి ముందు తేలింది. కేంద్రంతో ఏడు రోజులు మాట లేకపోతే ఏ తల్లి బిళ్ళ అయినా దానంతటదే ఎర్రబడుతుందట. జాగ్రత్త కోసం అలా చేశారట. బిడ్డకు ఏమీ కానక్కరలేదు. అది ఎవరికీ చెప్పలేదా అని ఆమోసు అడిగాడు. బిళ్ళతో ఇచ్చిన సూచనల్లో ఉందని ఆమె చెప్పింది. ఆమోసు కూతుర్ని భుజం మార్చుకుని తెగిన బాట వైపు ఒకసారి చూశాడు.

తరువాత నా చిట్టా చూసింది. "ఆరాధన" అన్న మాట కొట్టేసి ఉంది. నేనే కొట్టేశాను. యోబు గారు వద్దన్నారు, బల్ల మీద మళ్ళీ పెట్టుకుందాం, ఎవరికీ తప్పు లేదు, పెట్టె కూడా దక్కుతుందన్నారు. ఆ మాట ఆయన నా మీద ప్రేమతో అన్నారు. తెలిసి రాయడం నావల్ల కాలేదు. ఆ స్థానంలో "కానుపు" అని రాశాను.

వినీల ఆ మాట రెండుసార్లు చదివి, అంటే ఏమిటని అడిగింది. చెప్పాను. ఆమె కఠినంగా మాట్లాడలేదు. ఒకసారి గండం గడిచిందని ఎగువలో ఆ పని చెయ్యనివ్వడం కుదరదని, కేంద్రంలో ఏటా కొన్ని వందల మంది తల్లులు బతుకుతున్నారంటే పద్ధతి ప్రకారం దిగడం వల్లనేనని చెప్పింది. అది నిజమే. మా నాయనమ్మ ఆరుగురిని కంటే మిగిలింది ముగ్గురు. ఆ మాటే ఆమెతో అన్నాను.

"మరి ఈ బాకా చేసే పని బిళ్ళ చేస్తోంది కదమ్మా. దీనికంటే బాగా చేస్తోంది. ఏ ఉపయోగమని రాసుకోను?"

పెట్టెను కాటా మీదికి ఎక్కించారు. మంగతాయి నా మోచెయ్యి గిల్లింది. నాకు వాదన చేతకాదు. ఇప్పటిదాకా ఎంతమంది పిల్లల గుండెలు చూసుంటావమ్మా అని వినీలను అడిగాను. నాలుగు వేల పైనే అంది. ఎన్ని విన్నావని అడిగాను.

"వినడానికేముందండి, అంకె కనబడుతుందిగా" అంది. తెర నా వైపు తిప్పి తన బిడ్డది చూపించింది. నూట నలభై ఆరు. పచ్చటి అంకె.

ఒక్క నిమిషం పడుకుంటావా అని అడిగాను. ఆమె తూకం మనిషి వైపు చూసింది, బండి వైపు చూసింది. తరువాత ఏమనుకుందో, వరండా బల్ల మీద పడుకుంది. ఆరో నెల కాబట్టి వెతకడానికి సమయం పట్టింది. బొడ్డు కింద, కుడి వైపు దొరికింది. చిన్నగా, వేగంగా, చాలా పనిలో ఉన్నట్టుగా కొట్టుకుంటోంది. లెక్కపెట్టి నూట నలభై ఐదో, ఆరో అని చెప్పాను. ఆమె మర్యాదగా నవ్వింది. ఆ అంకె ఆమెకు తెలిసిందే.

నన్ను వినమంటారా అని ఆమె లేవబోయి ఆగింది. ఈ బాకాతో తన పొట్ట తాను వినలేదు. మెడ అక్కడిదాకా వంగదు.

నేను చెవి తియ్యలేదు. ఆమె అరచెయ్యి తెరిచి నా చూపుడు వేలితో కొట్టాను. లోపల ఎలా వినబడుతోందో అలాగే, అంత వేగంగా, అంత మెత్తగా. ఒకచోట అది కొంచెం తొందరపడింది, నా వేలూ తొందరపడింది. మళ్ళీ కుదురుకుంది. బిడ్డ కదిలినట్టుంది. ఆమె చెయ్యి ముందు వదులుగా ఉంది. తరువాత బిగుసుకుంది. ఆమె ముఖం నాకు కనబడదు, నా చెవి పొట్ట మీద ఉంది. తెర బల్ల మీంచి జారి కింద పడిన చప్పుడు వినబడింది. ఆమె దాన్ని తియ్యలేదు.

కాటా దగ్గర మనిషి పెట్టె తూకం చెప్పమంటారా అని అడిగాడు.

"దాన్ని కాటా మీంచి తీసెయ్యండి" అంది వినీల. "అది బండెక్కదు."

ఏ ఉపయోగమని రాసుకోమంటారని అతను అడిగాడు. కింద తీగబండి గంట కొట్టారు. నేను వేలు ఆపబోయాను.

"ఆపకండమ్మా" అంది.